పోట్లాట ఆగితే ప్రేమ పుడుతుందా?

ఇద్దరు పిల్లలున్న తల్లులు ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఒకచోటికే వస్తుంది. "ఒకే కడుపున పుట్టారు, ఒకే ఇంట్లో పెరుగుతున్నారు, క్షణం పడదండీ. టీవీ రిమోటు దగ్గర గొడవ, బస్సులో కిటికీ పక్క సీటు దగ్గర గొడవ, ఆఖరికి గిన్నె అడుగున మిగిలిన గడ్డపెరుగు దగ్గరా గొడవే. పెద్దయ్యాక వీళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతారంటారా?"

రెండో పెళ్లి జరిగిన ఇళ్లలో ఇదే ప్రశ్న ఇంకా బరువుగా ఉంటుంది. నలుగురిలో పైకి అడగరు, లోపల తొలుస్తూ ఉంటుంది. "సొంత అన్నదమ్ములకే పొసగడం లేదు. ఆయన పిల్లలూ నా పిల్లలూ ఏనాటికైనా కలుస్తారా?"

ఈ రెండు ప్రశ్నల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. పోట్లాడుకుంటున్నారంటే ప్రేమ లేదని, పోట్లాట మాన్పిస్తే ప్రేమ దానంతటదే వస్తుందని. దాదాపు యాభై ఏళ్లుగా పరిశోధకులు ఇళ్లలోకి వెళ్లి ఓ మూల కూర్చుని, పిల్లల ఆటలూ తగవులూ రాసుకుంటూ, రికార్డు చేసుకుంటూ వస్తున్నారు. వాళ్లు చూసినదాని ముందు ఈ నమ్మకం నిలవదు. అది నిలవదని తెలిస్తే పిల్లల విషయంలో మనం పడే శ్రమలో సగం వేరే దిక్కుకు మళ్లించాల్సి వస్తుంది.

గూటిలోనే మొదలయ్యే పోటీ

పొలం దున్నుతుంటే ట్రాక్టరు వెనకే నడుస్తూ పురుగులు ఏరుకునే తెల్లకొంగలు మనందరికీ తెలుసు. పశువుల మందల్లో తిరిగే ఈ కొంగ అన్ని గుడ్లూ పెట్టేదాకా ఆగదు. ముందు పెట్టిన గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది. అందుకే పిల్లలు ఒకేసారి బయటికి రావు, ఒక్కోటీ ఒకటి రెండు రోజుల తేడాతో వస్తాయి. ముందు వచ్చినవి కాస్త బలం పుంజుకుని, ఆఖరిదాన్ని ముక్కులతో పొడుస్తాయి. తిండి చాలని రోజుల్లో ఆ ఆఖరి పిల్ల ఆకలితో చనిపోతుంది, లేదా గూటిలోంచి కిందికి పడిపోతుంది. తల్లీతండ్రీ పక్కనే ఉంటాయి, అడ్డం రావు. అమెరికా జీవశాస్త్రవేత్త డగ్లస్ మాక్ ఈ గూళ్లను ఏళ్ల తరబడి గమనించాడు. ఆయన, సహచరులు 1997లో మరో సంగతి బయటపెట్టారు. ముందు పెట్టిన గుడ్ల పచ్చసొనలో దూకుడు పెంచే హార్మోన్లు ఎక్కువ, ఆఖరి గుడ్డులో తక్కువ. అంటే పోరు గుడ్డులోనే రాసిపెట్టి ఉంది.

ఎందుకిలా? రాబర్ట్ ట్రివర్స్ అనే శాస్త్రవేత్త 1974లో చెప్పిన వివరణ లెక్కలు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. తల్లి జన్యువుల్లో సగం పెద్దవాడిలో, సగం చిన్నదానిలో ఉంటాయి. కాబట్టి ఆమెకు ఇద్దరూ సమానం. పెద్దవాడి వైపు నుంచి చూస్తే, వాడికి వాడు పూర్తిగా సొంతం, చెల్లెలు సగటున సగమే. అందుకే తల్లి "చెరి సగం తినండి" అంటుంది, వాడు "ముందు నాకు" అంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. నిలబడి చూస్తున్న చోట్లు వేరు.

మనిషి పిల్లలు కొంగపిల్లలు కారు. వాళ్లకు భాష ఉంది, సిగ్గు ఉంది, జాలి ఉంది, ఎదగడానికి పదిహేను ఇరవై ఏళ్ల సమయం ఉంది. అయినా తమ్ముడు పుట్టగానే నాలుగేళ్ల పిల్ల మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే, తల్లి పాలిస్తున్నప్పుడే ఏదో ఒక అల్లరి చేస్తే, దాన్ని దుర్బుద్ధి అనకూడదు. జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే పరిశోధకులు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండో కాన్పుకు సిద్ధమవుతున్న 40 కుటుంబాలను ఎంచుకుని, కాన్పుకు ముందూ తరవాతా ఇళ్లకు వెళ్లి చూశారు. 1982లో వచ్చిన వాళ్ల పుస్తకంలో అసూయా ఆప్యాయతా రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చంటిబిడ్డ వచ్చాక పెద్దపిల్లకూ తల్లికీ మధ్య ఘర్షణ పెరిగింది. అదే పెద్దపిల్ల చంటిబిడ్డ ఏడిస్తే పరుగెత్తుకెళ్లి చూసింది కూడా.

ఆ పుస్తకంలో తల్లిదండ్రులకు నేరుగా పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. కొందరు తల్లులు చంటిబిడ్డను ఒక మనిషిగా, మనసున్న ప్రాణిగా పెద్దపిల్లకు పరిచయం చేశారు. "చెల్లి ఎందుకు ఏడుస్తోందంటావ్? ఆకలా, నిద్రొస్తోందా? ఏం చేద్దాం చెప్పు" అని సలహా అడిగారు. అలాంటి ఇళ్లలో ఏడాది తిరిగేసరికి పిల్లలిద్దరి మధ్యా స్నేహం ఎక్కువగా కనిపించింది. మన ఇళ్లలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు పెద్దపిల్లను పట్టుకుని "ఇంక నిన్నెవరూ ముద్దు చెయ్యరే, అమ్మ ఇప్పుడు తమ్ముడిది" అని ఆటపట్టిస్తారు. అందరూ నవ్వుతారు, ఆ పిల్ల నవ్వదు. ఆ మాట అన్నవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, అక్కడికక్కడే ఆపాలి.

కారం తగ్గిస్తే ఉప్పు పెరగదు

కెనడాలో హిల్డీ రాస్ బృందం రెండేళ్లు, నాలుగేళ్ల వయసున్న అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను ఇంట్లోనే గమనిస్తే గంటకు సుమారు ఆరు తగవులు లెక్కకొచ్చాయి. అంటే పది నిమిషాలకొకటి. ప్రత్యేకమైన సమస్యలేవీ లేని మామూలు కుటుంబాల సంగతి ఇది. మీ ఇంట్లోనూ అంతే అయితే, మీ పిల్లలు అందరి పిల్లల్లాంటివాళ్లే.

ఇక్కడే లారీ క్రేమర్ పరిశోధన వెలుగు చూపిస్తుంది. ఆమె అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు తోబుట్టువుల మీదే పనిచేసింది. ఆమె పట్టుకున్న కీలకం ఇది: పిల్లల మధ్య తగవుల వేడి వేరు, వెచ్చదనం వేరు. ఒకటి తగ్గినంత మాత్రాన రెండోది పెరగదు. కూర కారమైందని కారం తగ్గించి వండితే ఉప్పు దానంతటది వచ్చి చేరుతుందా? కారం తక్కువై, ఉప్పు అసలే లేని కూర చప్పగా ఉంటుంది, ఎవరూ రెండో ముద్ద పెట్టుకోరు. కారం ఘాటుగా ఉన్నా ఉప్పు సరిపోయిన కూర చెమటలు కక్కుతూనే తింటాం. ఇళ్లూ అంతే. రోజుకు పదిసార్లు జుట్టు పట్టుకుని, పదకొండోసారి ఒకే దుప్పట్లో దూరి కబుర్లు చెప్పుకునే పిల్లలున్నారు. గొంతు పెంచకుండా, ఒకరి గదిలోకి ఒకరు తొంగిచూడకుండా ఏళ్లు గడిపేవాళ్లూ ఉన్నారు. మొదటి ఇంటిని చూసి అమ్మమ్మ తల పట్టుకుంటుంది, రెండో ఇంటిని చూసి "ఎంత బుద్ధిమంతులో" అంటుంది. నిజానికి బెంగ పెట్టుకోవాల్సింది రెండో ఇంటి గురించే.

తల్లిదండ్రుల శ్రమ దాదాపు అంతా కారం తగ్గించడానికే పోతోంది. అరవడం, విడదీయడం, రిమోటు దాచేయడం, "ఇంకోసారి నోరెత్తారంటే" అని బెదిరించడం. ఉప్పు వేసే పని మరిచిపోతున్నాం. క్రేమర్ నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం ఒక శిక్షణ రూపొందించింది. దాని పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే 'అక్కచెల్లెళ్లతో, అన్నదమ్ములతో మరింత సరదా'. అందులో "కొట్టుకోవద్దు" అన్నది పాఠం కాదు. ఆటకు ఎలా పిలవాలి, ఆడాలని లేనప్పుడు మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి, ఎదుటివాడికి ఎలా ఉందో ఎలా కనిపెట్టాలి, కోపం వచ్చినప్పుడు తనను తాను ఎలా పట్టుకోవాలి, ఇవీ పాఠాలు.

"నన్నొదులు, పో" అనడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. "ఇప్పుడు కాదు రా, ఈ లెక్క అయ్యాక ఆడదాం" అనడం నేర్పాలి. మొదటి మాటకు తమ్ముడు పుస్తకం లాగి పారేస్తాడు. రెండో మాటకు పక్కన కూర్చుని లెక్క ఎప్పుడవుతుందా అని చూస్తాడు, సణుగుతూనే అయినా.

క్రేమర్, జాన్ గాట్‌మన్ కలిసి 1992లో ప్రచురించిన పరిశోధనలో చిత్రమైన సంగతి ఉంది. తమ్ముడో చెల్లెలో పుట్టకముందు ఒక పిల్ల తన ప్రాణస్నేహితురాలితో ఎలా ఆడుకుంటుందో చూస్తే, పుట్టబోయేవాళ్లతో ఎలా ఉంటుందో చాలావరకు ఊహించవచ్చు. స్నేహితురాలితో ఆటలో పిల్లలు ఓర్పు నేర్చుకుంటారు. ఎందుకంటే మరీ మొండికేస్తే ఆ పిల్ల ఇంటికెళ్లిపోతుంది, రేపు రాదు. తమ్ముడు ఎక్కడికి పోతాడు? కొట్టినా రేపు పొద్దున అక్కడే ఉంటాడు. ఆ భరోసా వల్లే ఇంట్లో మర్యాద తగ్గుతుంది. కాబట్టి పిల్లల మంచితనాన్ని తోబుట్టువుతో ఉన్నప్పుడు మాత్రమే చూసి తూచకండి. స్నేహితులతో ఎలా ఉంటున్నారో చూడండి. అక్కడ ఉన్న నేర్పును ఇంట్లోకి తేవచ్చు.

ఉప్పు వేయడం అంటే ఇద్దరికీ ఇష్టమైన పని ఒకటి వెతికిపెట్టడం. వయసు తేడా ఉన్నప్పుడు ఇది తేలిక కాదు. పన్నెండేళ్లవాడితో చదరంగం ఆడితే ఏడేళ్లది రోజూ ఓడుతుంది. అష్టాచెమ్మా, వైకుంఠపాళీ వేరు. గవ్వకూ పాచికకూ వయసుతో పని లేదు. పెద్ద నిచ్చెన ఎక్కిన చెల్లెలు గంతులేస్తుంటే, పాము నోట్లో పడిన అన్న కూడా నవ్వుతాడు. పండగ ముందు కజ్జికాయలు చేసేటప్పుడు ఒకరు పూరీ ఒత్తి, ఒకరు కొబ్బరికోరు నింపి అంచు మడిస్తే, గంటసేపు ఒకే పళ్లెం ముందు కూర్చుంటారు. మొక్కలకు నీళ్లు పోయడం, తాతయ్యకు పేపరు చదివి వినిపించడం, ఏదైనా కావచ్చు. ఆ సమయంలో పెద్దవాళ్లు తప్పులు దిద్దకుండా ఉండగలిగితే చాలు.

ఇద్దరూ సమానమే, మరి ఒకేలా చూడాలా?

"నాకు మా పిల్లలంతా సమానం" అనే తల్లిదండ్రులు నిజమే చెబుతారు. కానీ ప్రేమ సమానంగా ఉండటం వేరు, పంపకం ఒకేలా ఉండటం వేరు. జ్వరం వచ్చినవాడికి అమ్మ పక్కన పడుకుంటుంది. ఇంటర్ చదివే అక్కకు ఫోను ఉంటుంది, ఏడో తరగతి తమ్ముడికి ఉండదు. అమాండా కోవల్, లారీ క్రేమర్ 1997లో 11 నుంచి 13 ఏళ్ల పిల్లలను, వాళ్ల అన్నలను, అక్కలను ఈ తేడాల గురించే అడిగారు. తేడా ఉందని ఒప్పుకున్న సందర్భాల్లో నూటికి 75 పాళ్లు దాన్ని అన్యాయంగా భావించలేదు. కారణం తెలిసినప్పుడు పిల్లలు తేడాను భరిస్తారు. మనసులో ముల్లులా మిగిలేది కారణం చెప్పని తేడా. "నేను చెప్పానంతే" అన్న చోట పిల్లవాడు తన కారణం తానే వెతుక్కుంటాడు, అది ఎప్పుడూ ఒకటే: "నేనంటే ఇష్టం లేదు."

కొన్ని తేడాలకు ఏ కారణమూ సరిపోదు. కొడుకు ప్లేట్లో గుడ్డు, కూతురి చేతిలో అంట్ల గిన్నెలు. కొడుక్కి పట్నంలో కార్పొరేట్ కాలేజీ, కూతురికి ఊళ్లో ఏది ఉంటే అది. ఇలాంటి ఇంట్లో పెరిగిన అన్నాచెల్లెళ్ల మధ్య ముప్పై ఏళ్ల తరవాత మాటలు లేకపోతే, తప్పు వాళ్లది కాదు. ఆ గోడ కట్టింది పెద్దవాళ్లు.

పోలికల సంగతి అంతకన్నా సూక్ష్మం. అలెక్స్ జెన్సెన్, సూజన్ మెక్‌హేల్ అమెరికాలో 388 కుటుంబాల్లో మొదటి, రెండో సంతానం మార్కులనూ తల్లిదండ్రుల అభిప్రాయాలనూ పరిశీలించి 2015లో ప్రచురించారు. ఎక్కువమంది తల్లిదండ్రులు పెద్దపిల్లే తెలివైనదని అనుకున్నారు. మార్కులు చూస్తే సగటున ఇద్దరూ ఒకటే. కానీ ఇంట్లో ఎవరిని తెలివైనవాళ్లని అనుకున్నారో వాళ్ల మార్కులు తరవాత కాస్త మెరుగుపడ్డాయి, రెండోవాళ్లవి వెనకబడ్డాయి. అభిప్రాయమే ఫలితాన్ని తయారుచేసింది. ర్యాంకుల పేర్లు ఫ్లెక్సీలెక్కే మన ఊళ్లలో "మీ అక్కను చూసి నేర్చుకోరా" అన్న మాట రోజుకు ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో! ఆ మాట తమ్ముడి చేత చదివించదు. అక్క మీద కోపం మాత్రం తెప్పిస్తుంది.

పెద్దవాళ్లు బాధ్యత గలవాళ్లు, నడిమివాళ్లు ఎటూ చెందనివాళ్లు, కడగొట్టువాళ్లు గారాబాలు అనే ముద్రలూ ఇలాంటివే. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా సమాచారం తీసుకుని 2015లో చేసిన విశ్లేషణలో, పుట్టిన వరసకూ పెద్దయ్యాక ఉండే స్వభావానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. తెలివితేటల పరీక్షల్లో పెద్దవాళ్లకు ఒకటి రెండు పాయింట్ల మొగ్గు ఉంది, అంతే. ముద్ర వేయడం ఆపేస్తే పిల్లల మధ్య ఒక పోటీ తగ్గుతుంది.

తీర్పు చెప్పకుండా తగవు తీర్చడం

గదిలోంచి అరుపులు వినగానే మనం వెళ్లి "ఎవరు మొదలుపెట్టారు?" అని అడుగుతాం. ఆ ప్రశ్నతోనే కోర్టు తెరిచేశాం. ఇద్దరూ లాయర్లవుతారు, గట్టిగా ఏడ్చినవాడు గెలుస్తాడు, ఓడినవాడు సాయంత్రం కక్ష తీర్చుకుంటాడు.

జూలీ స్మిత్, హిల్డీ రాస్ 5 నుంచి 10 ఏళ్ల పిల్లలున్న తల్లులకు దీనికి బదులు ఒక పద్ధతి నేర్పి, ఫలితాలను 2007లో ప్రచురించారు. మధ్యవర్తిగా ఉండండి, తీర్పు మాత్రం పిల్లలకే వదిలేయండి అన్నది దాని సారం. మొదట నియమం చెప్పాలి: ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అడ్డురాకూడదు, తిట్టుకోకూడదు. తరవాత ఇద్దరూ ఎవరి కథ వాళ్లు చెప్పాలి. ఆ పైన అసలైన మెట్టు: ఎదుటివాడికి ఏమనిపించిందో ఇతను చెప్పాలి. "తమ్ముడు నీ స్కెచ్ పెన్నులు తీశాడు, నీకు కోపం వచ్చింది, సరే. నువ్వు లాక్కున్నప్పుడు వాడికి ఎలా ఉండి ఉంటుంది, తల్లీ?" మొదటిరోజు "ఏమో" అంటుంది. అడుగుతూ ఉండాలి. చివరికి పరిష్కారాలు పిల్లలే వెతకాలి. వాళ్ల ఒప్పందం మనకు విడ్డూరంగా అనిపించవచ్చు. ఎర్రపెన్ను ఆదివారం మాత్రమే ఇస్తానని అక్క, అందుకు బదులు పై మంచం అక్కకేనని తమ్ముడు ఒప్పుకుంటే మనకేం? వాళ్ల ఒప్పందం వాళ్లు నిలబెట్టుకుంటారు. ఈ పద్ధతి నేర్చుకున్న ఇళ్లలో పిల్లలు తమ తగవులు తామే తీర్చుకోవడం, ఎదుటివాడి కోణం అర్థం చేసుకోవడం మెరుగయ్యాయి.

రాస్ బృందం చూసిన ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోదగ్గది. వస్తువు ఎవరిదో వాళ్లకే దాని మీద మొదటి హక్కు అనే సూత్రాన్ని పిల్లలు పట్టుకున్నంతగా పెద్దవాళ్లు పట్టుకోరు. "చిన్నవాడు కదా, ఇచ్చెయ్యమ్మా" అని అక్క బొమ్మ తీసి ఇస్తాం. తనదనే చోటు ఒకటి నికరంగా ఉన్న పిల్లే ధైర్యంగా పంచుకుంటుంది.

అన్ని గొడవలూ ఈ కోవలోకి రావు. ఒకరే ఎప్పుడూ కొట్టేవాడై, ఇంకొకరు ఎప్పుడూ భయపడేవాడైతే, అవమానించడం అలవాటుగా మారితే, అది తగవు కాదు, హింస. బ్రిటన్‌లో వేలమంది పిల్లలను పుట్టినప్పటి నుంచీ గమనిస్తున్న అధ్యయనం ఆధారంగా 2014లో వచ్చిన పరిశోధనలో, 12 ఏళ్ల వయసులో వారానికి చాలాసార్లు తోబుట్టువుల చేతిలో వేధింపులు పడ్డవాళ్లకు 18 ఏళ్లకు డిప్రెషన్ ముప్పు దాదాపు రెట్టింపు అని తేలింది. "అన్నదమ్ములన్నాక మామూలే" అని దీన్ని కొట్టిపారేయడం తప్పు. ఇక్కడ మధ్యవర్తిత్వం పనికిరాదు. ముందు ఇద్దరినీ విడదీసి, దెబ్బలు తింటున్న బిడ్డకు రక్షణ ఇవ్వాలి. ఇంట్లో చెప్పుకునే దిక్కులేని పిల్లలు 1098 నంబరుకు ఫోను చేయవచ్చు, అది పిల్లల కోసమే ఉన్న ఉచిత సహాయ సేవ.

రక్తం తెలియదు, ఏళ్లు తెలుస్తాయి

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. రక్తసంబంధం లేని పిల్లలు తోబుట్టువులవుతారా?

వీడు నా తమ్ముడని మన మనసుకు ఎలా తెలుస్తుంది? జన్యువులు కంటికి కనిపించవు. డెబ్రా లీబర్‌మన్, జాన్ టూబీ, లీడా కాస్మిడీస్ 2007లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం మనసు ముఖ్యంగా రెండు ఆనవాళ్ల మీద ఆధారపడుతుంది. ఒకటి, నన్ను కన్న తల్లి ఈ పసికందును ఎత్తుకుని సాకడం నేను కళ్లారా చూశాను. ఇది పెద్దపిల్లకే దొరికే ఆనవాలు. రెండోది, చిన్నతనంలో ఒకే కప్పు కింద ఎన్నేళ్లు కలిసి పెరిగాం అన్నది. చిన్నపిల్లకు ఇదే ఆధారం. ఈ ఆనవాళ్లు బలంగా ఉన్నచోట ఒకరి కోసం ఒకరు త్యాగం చేసే గుణం కూడా బలంగా కనిపించింది. లోపల పనిచేసే ఈ లెక్క రక్తపరీక్ష చేయించదు. కలిసి గడిపిన ఏళ్లనే లెక్కిస్తుంది.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. మహాభారతంలోని యక్షప్రశ్నల ఘట్టంలో చనిపోయి పడివున్న నలుగురు తమ్ముళ్లలో ఒక్కరిని బతికిస్తానని యక్షుడంటే ధర్మరాజు భీముణ్ణి అడగలేదు, అర్జునుణ్ణి అడగలేదు. నకులుణ్ణి అడిగాడు. కుంతికి తానున్నాడు, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి అన్నాడు. ఆ సవతి తమ్ముడు పసితనం నుంచీ కుంతి చేతుల్లోనే, ధర్మరాజు కళ్లముందే పెరిగాడు.

ఒకప్పుడు మన ఊళ్లలో కాన్పులో భార్య పోతే, ఆమె చెల్లెల్నే ఇచ్చి పెళ్లి చేయడం ఉండేది. పిల్లలకు వచ్చిన కొత్త తల్లి ముందునుంచీ తెలిసిన పిన్నే. ఇప్పుడు విడాకుల తరవాత, లేదా నడివయసులో తోడు పోయిన తరవాత, ఎక్కడెక్కడి కుటుంబాలో కలుస్తున్నాయి. పదకొండేళ్ల అమ్మాయికి ఒక శుక్రవారం సాయంత్రం పదమూడేళ్ల 'అన్న' వస్తాడు. వాళ్లకు కలిసి పెరిగిన ఏళ్లు లేవు, కొత్తగా సంపాదించుకోవాలి.

ఎన్నేళ్లు? రెండో పెళ్లి కుటుంబాల మీద దీర్ఘకాలం పనిచేసిన మేవిస్ హెథరింగ్టన్, జేమ్స్ బ్రే వంటి అమెరికన్ పరిశోధకులు ఒకే మాట చెబుతారు: కుదుటపడటానికి నెలలు చాలవు, ఏళ్లు పడుతుంది, మొదటి రెండేళ్లు గట్టిగా ఒడుదొడుకులుంటాయి. పిల్లలు పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఉంటే మరీ కష్టం. ఇది తెలియక ఆరునెలలకే "మా ఇల్లు చెడిపోయింది" అని నిరాశపడే దంపతులు ఎందరో.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. సవతి తోబుట్టువుల మధ్య గొడవలు సొంతవాళ్ల మధ్య కన్నా ఎక్కువేమీ ఉండవు, తరచు తక్కువే. ఉండేది దూరం. అంటే ఈ ఇళ్లలో లోటు పడుతున్నది ఉప్పే.

దూరం ఎలా తగ్గుతుంది? పక్కపక్కన కూర్చోబెడితే చాలదని ముజఫర్ షెరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో చేసిన ప్రయోగం చూపించింది. ఒకరికొకరు తెలియని 22 మంది బాలురను రెండు జట్లుగా చేసి, వేసవి శిబిరంలో పోటీలు పెడితే, రోజుల్లోనే జెండాలు కాల్చుకునే పగ పుట్టింది. తరవాత కలిపి భోజనం పెడితే తిండి విసురుకున్నారు. కలిపి సినిమా చూపించినా మార్పు లేదు. అప్పుడు మంచినీళ్ల సరఫరా ఆగిపోయేలా చేశారు, అందరూ కలిసి వెతికితే తప్ప కారణం దొరకదు. భోజనం తేవాల్సిన లారీ మొరాయించింది, అందరూ ఒకే తాడు పట్టి లాగితే తప్ప కదలదు. అలాంటి పనులు ఒకదాని వెంట ఒకటి పడ్డాక, తిరుగు ప్రయాణంలో రెండు జట్లూ ఒకే బస్సులో కలిసి కూర్చున్నాయి. పిల్లలకు చెప్పకుండా వాళ్ల మధ్య పగ పెట్టడం తప్పే, నేడు ఏ విశ్వవిద్యాలయమూ దానికి అనుమతివ్వదు. కానీ అందులోంచి తీసుకోదగ్గ సంగతి ఉంది. "అందరం కలిసి హోటలుకెళ్దాం, ఫొటో దిగుదాం" అన్నది పిల్లల్ని కలపదు. ఇల్లు మారేటప్పుడు అటక మీది సామాను ఇద్దరూ కలిసి దించడం, వీధికుక్క ఈనితే పిల్లల్ని కాపాడటం, పాడైన సైకిలు బాగుచేయడం కలుపుతాయి. పని నిజమైనది కావాలి, ఇద్దరూ లేకపోతే కానిది కావాలి.

పట్రీషియా పేపర్నో అనే మనస్తత్వవేత్త ఈ కుటుంబాలకు ఏళ్లపాటు సలహాలిచ్చి చెప్పిన మరో మాట ఉంది. ఇలాంటి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు లోపలివాళ్లు, ఎవరో ఒకరు బయటివాళ్లు. ముందునుంచీ ఆ ఇంట్లో ఉన్న పిల్ల తన గది పంచుకోవాల్సి వస్తుంది, వచ్చినవాడికి ఏ గదీ తనదనిపించదు. నిన్నటిదాకా ఇంటికి పెద్దకొడుకు, ఇవాళ నడిమివాడయ్యాడు. అందుకే గది చిన్నదైనా ఒక్కొక్కరికీ తాళం ఉన్న ఒక అలమారా అర ఇవ్వండి. కన్న తల్లి లేదా తండ్రితో ఆ పిల్లకు మాత్రమే చెందిన సమయం వారంలో కొంత ఉండాలి, దాన్ని కొత్తవాళ్లు అలగకుండా ఒప్పుకోవాలి. మొదటి ఏడాది రెండేళ్లు దండించే పని కన్నవాళ్లే చేయాలి, కొత్తగా వచ్చినవారు ముందు స్నేహం చేసుకోవాలి. "అన్నయ్యా అను, అనవేం?" అని నలుగురిలో బలవంతపెట్టకండి. పేరు పెట్టి పిలిస్తే పిలవనివ్వండి. వెళ్లిపోయిన లేదా చనిపోయిన తల్లి ఫొటో గోడ మీంచి తీయకండి. ఆ ఫొటో ఉన్న ఇంట్లోనే ఆ బిడ్డ కొత్త తమ్ముణ్ణి ఎత్తుకోగలుగుతుంది.

జుట్టు నెరిశాక

తల్లిదండ్రులతో మన బంధం సగం జీవితం, భార్యాభర్తల బంధం పెద్దయ్యాకే మొదలవుతుంది. ఉయ్యాల నుంచి ముసలితనం దాకా వెంట వచ్చేది తోబుట్టువే. హార్వర్డ్ కాలేజీ విద్యార్థులను 1930ల చివర్లో, 1940ల్లో ఎంచుకుని జీవితాంతం గమనించిన ప్రసిద్ధ అధ్యయనంలో, 229 మంది వివరాలను 2007లో రాబర్ట్ వాల్డింగర్ బృందం విశ్లేషించింది. ఇరవై ఏళ్లలోపు తోబుట్టువులతో సఖ్యత లేనివాళ్లకు యాభై ఏళ్లు వచ్చేలోపు తీవ్రమైన డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. వాళ్లంతా మగవాళ్లు, ఒక్క కాలేజీవాళ్లు, కాబట్టి దీన్ని అందరికీ అన్వయించలేం. కానీ వాళ్ల కథ మనకు పరాయిదిగా అనిపించదు.

మన దగ్గర పెద్దయ్యాక తోబుట్టువులను విడదీసేది రిమోటు కాదు, పొలం గట్టు, ఇంటి స్థలం. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకు హిందూ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకున్నా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయినా "పసుపు కుంకుమల కింద ఎప్పుడో ఇచ్చేశాం" అని అక్క చేత సంతకం పెట్టించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సంతకం పెట్టిన అక్క పండక్కి వస్తుంది, కానీ పుట్టింటివాళ్లు పెట్టే చీర పుచ్చుకునేటప్పుడు ఆమె ముఖం చూడండి.

రెండు కుటుంబాలు కలిసిన ఇంట్లో ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో ఆయన కన్న పిల్లలకు, మొదటి భార్య బిడ్డలైనా రెండో భార్య బిడ్డలైనా, వాటా సమానం. భార్య వెంట వచ్చిన పిల్లలకు, ఆయన వాళ్లను ఎంత ప్రేమగా పెంచినా, దత్తత తీసుకోకపోతే ఆ వాటా రాదు. ఇరవై ఏళ్లు అన్నదమ్ముల్లా పెరిగినవాళ్లు దినకర్మలు ముగిసిన మర్నాడు ఈ సంగతి తెలుసుకుని పరాయివాళ్లవుతున్నారు. పెంచిన పిల్లలకు ఏమైనా ఇవ్వదలిస్తే బతికుండగానే రాసిపెట్టాలి. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే మేలు. రాసిన తరవాత పిల్లలందరినీ ఒకేచోట కూర్చోబెట్టి, ఎవరికి ఏమి రాశారో, ఎందుకు రాశారో మీ నోటితోనే చెప్పండి.